గడ్డ సార్కోమా అని తేలాక: ఏది ముందు, ఏది తర్వాత, ఏ ఊళ్లో?

మా బావ ఎడమ తొడలో గడ్డ మొదట ఉసిరికాయంత ఉండేది. నొప్పి లేదు, జ్వరం లేదు. లుంగీ కట్టుకుని బాసింపట్టు వేసి కూర్చున్నప్పుడు మాత్రం తొడ లోపలివైపు కాస్త ఎత్తుగా కనిపించేది. గాజువాకలో వెల్డింగ్ షాపు, రోజంతా నిలబడే పని. "కండ పట్టేసుంటుందిలే" అని ఆయనే తీర్పు చెప్పేసుకున్నాడు. ఎనిమిది నెలల్లో అది బత్తాయంత అయింది. ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే కొవ్వు గడ్డ అన్నారు. స్కాన్ ఏదీ లేకుండా, మత్తిచ్చి, అరగంటలో తీసేశారు. మా అక్క పట్టుబట్టబట్టి ఆ ముక్క ల్యాబ్‌కి వెళ్లింది. పదో రోజు రిపోర్టు వచ్చింది: సైనోవియల్ సార్కోమా అనే రకం క్యాన్సర్, మూడో గ్రేడు, అంచుల్లో కణితి మిగిలి ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో ఎవరి సలహా వాళ్లది. కాలు తీయించేస్తే పీడ పోతుందని పెద్దమావయ్య. ముంబై తప్ప ఎక్కడికీ వెళ్లొద్దని ఆఫీసులో ఒకాయన. కీమో పెడితే మనిషి మిగలడని పక్కింటావిడ. లక్ష్మణఫలం ఆకుల కషాయం అని వాట్సాప్. ఆ టెన్షన్‌లో మేము వేసిన ప్రశ్నలన్నీ "ఏది మంచిది?" అనే పద్ధతిలోనే సాగాయి. అసలు అడగాల్సింది "మా గడ్డకి, మా మనిషికి, ఏది ముందు?" అని. ఆ తేడా తెలియడానికి మాకు నెల పట్టింది. ఇప్పుడు అదే చోట ఇరుక్కుపోయిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఫైలు పట్టుకుని వెంట తిరిగినవాణ్ణి, అంతే. మీ నిర్ణయం మీ డాక్టరు ఎదుట కూర్చునే తీసుకోండి. ఇది ఆ కుర్చీలో కూర్చునే ముందు చదువుకోవడానికి.

ముందు చేతిలో ఉండాల్సిన ఐదు సంగతులు

సార్కోమా అనేది కండ, కొవ్వు, నరం, రక్తనాళం లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి. ఆ ఒక్కదాంట్లోనే 50కి పైగా రకాలున్నాయి. అందుకే మంచి పేరున్న జనరల్ సర్జన్ కూడా తన సర్వీసులో చాలా కొద్ది కేసులే చూసి ఉంటాడు. అది ఆయన తప్పు కాదు, జబ్బు అంత అరుదు.

చికిత్స ఎంపిక అంతా ఈ ఐదింటి మీద నడుస్తుంది. ఒకటి, రకం. సైనోవియల్ సార్కోమా, లైపోసార్కోమా, లియోమయోసార్కోమా, ఇలా ఏ పేరు అన్నది. రెండు, గ్రేడు. కణాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎంత వేగంగా విడిపోతున్నాయి, కణితిలో ఎంత భాగం చచ్చిపోయింది అన్నవి చూసి ఒకటి నుంచి మూడు దాకా వేస్తారు. మూడు, సైజు, లోతు. ఐదు సెంటీమీటర్లు దాటిందా, కండ మీది పొరకు పైనుందా లోపలుందా. నాలుగు, పక్కన ఏముంది. పెద్ద నరమా, రక్తనాళమా, ఎముకా. ఐదు, ఊపిరితిత్తుల్లోకి పాకిందా. ఈ జాతి క్యాన్సర్లు పాకితే ఎక్కువగా ముందు వెళ్లేది అక్కడికే.

ఇవి తెలియాలంటే గడ్డ ఉన్న భాగానికి ఎమ్మారై, ఛాతీకి సీటీ, లావుపాటి సూదితో తీసే ముక్క పరీక్ష కావాలి. సన్న సూదితో నీరు లాగి చూసే పరీక్ష ఒక్కటే చాలదు. అది "అనుమానం ఉంది" దగ్గర ఆగిపోతుంది, రకం, గ్రేడు సరిగ్గా తేల్చలేదు. పెట్ స్కాన్ అందరికీ అవసరం పడదు. రాస్తే "సీటీలో తెలియనిది దీంట్లో ఏం తెలుస్తుంది?" అని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు ఓపిగ్గానే చెబుతారు.

మొదటి ఎంపిక: వెంటనే తీయించేయాలా, ముక్క పరీక్ష చేయించి ఆగాలా?

నా లెక్కలో మిగతా అన్నింటికంటే పెద్ద ఎంపిక ఇదే. చాలామందికి ఇది ఎంపిక అని కూడా తెలియదు.

"కత్తి పడితే క్యాన్సర్ పాకుతుంది" అని మనవైపు ఒక భయం ఉంది. దాంట్లో సగం అబద్ధం, సగం నిజం. పద్ధతిగా చేసిన సూది ముక్క పరీక్ష వల్ల జబ్బు ముదరదు. రేపు ఆపరేషన్లో కోత ఎక్కడ పడుతుందో అదే గీత మీద సూది గుచ్చుతారు, ఆ దారిని కూడా కణితితో పాటే తీసేస్తారు. నిజం ఎక్కడుందంటే, సార్కోమా అని తెలియకుండా కొవ్వు గడ్డలా ఒలిచేస్తే కణితి గోడ చిరిగి కణాలు చుట్టుపక్కల రాలతాయి. మా బావ విషయంలో జరిగింది అదే. పైగా కోత తొడకు అడ్డంగా పెట్టారు. చేయికైనా కాలికైనా కోత నిలువుగా ఉండాలి. అప్పుడే రెండో ఆపరేషన్లో ఆ మచ్చ మొత్తాన్ని తక్కువ కండతో తీయగలరు. నెత్తురు పోయే గొట్టాన్ని కూడా కోతకు నాలుగంగుళాల అవతల వేరే చిల్లు పెట్టి వేశారు. ఆ చిల్లు కూడా కలుషితమే. రెండోసారి సర్జన్ గారు స్కెచ్ పెన్నుతో తొడ మీద గీసిన బొమ్మ నాకిప్పటికీ గుర్తు. నిలువుగా ఒక పెద్ద కోలాకారం, దానికి పక్కన చెవిలా ఇంకో ముక్క. "ఈ చెవి మొదటి ఆపరేషన్ గొట్టం తాలూకు అండి" అన్నారాయన, ఎవరినీ ఒక్క మాట అనకుండా.

కాబట్టి ఐదు సెంటీమీటర్లు, అంటే ఒక మంచి నిమ్మకాయంత దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా, ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చినా, స్కాన్, ముక్క పరీక్ష లేకుండా కత్తి ముట్టించనివ్వకండి. ముక్క పరీక్షకు, రిపోర్టుకు పట్టే రెండు మూడు వారాల్లో కొంప మునగదు. నొప్పి లేదు కదా అన్నది ధైర్యం కాదు. ఈ గడ్డలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి.

ఇప్పటికే తీసేశారా? అయితే కంగారు పడొద్దు, ఆలస్యం మాత్రం చేయొద్దు. ల్యాబ్ నుంచి తీసిన ముక్కను దాచిన మైనం బ్లాకులు, గాజు స్లైడ్లు అడిగి తెచ్చుకోండి, అవి మీవే. ఆపరేషన్ నోట్సు, ముందు తీసిన ఫోటోలుంటే అవీ తీసి పెట్టుకోండి. కుట్లు మానాక ఎమ్మారై మళ్లీ తీస్తారు. "అంతా తీసేశాం" అని చెప్పిన చోట రెండోసారి తెరిస్తే చాలామందిలో మిగిలిన కణితి కనిపిస్తుంది. అందుకే రెండో ఆపరేషన్ అంటే మొదటి డాక్టరు మీద కోపంతో చేసే పని అనుకోవద్దు. అదే అసలు చికిత్స.

రెండో ఎంపిక: కాలు ఉంచడమా, తీయడమా?

పెద్దమావయ్య మాట మీద మా ఇంట్లో రెండు రాత్రులు ఎవరూ నిద్రపోలేదు. ఆ వాదానికి సమాధానం 1982లోనే వచ్చేసింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 43 మంది మీద ఒక పోలిక చేశారు. 16 మందికి కాలో చేయో తీసేశారు, 27 మందికి కణితి మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. కాలు ఉంచిన వాళ్లలో నలుగురికి అదే చోట మళ్లీ వచ్చింది, తీసేసిన వాళ్లలో ఎవరికీ రాలేదు. కానీ ఐదేళ్లకు బతికున్నవాళ్లు కాలు ఉంచిన వైపు నూటికి 83, తీసిన వైపు 88. ఇంత చిన్న గుంపులో ఈ తేడాను తేడాగా లెక్కించరు. ఆయుష్షును తేల్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల సంగతి, కాలి సంగతి కాదు. అందుకే ఈ రోజున పదిమందిలో తొమ్మిదిమందికి అవయవం ఉంచే చేస్తున్నారు.

మరి ఎవరికి తీయడమే మేలు? కణితి పెద్ద నరాన్నీ రక్తనాళాన్నీ ఎముకనూ కలిపి చుట్టేసినప్పుడు, పుండు పడి కుళ్లినప్పుడు, కణితి తీశాక మిగిలే కాలు కాలుగా పనికిరానప్పుడు. ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పాదంలో పెద్ద కణితి ఉంటే, నానా తంటాలు పడి ఉంచిన నొప్పి పాదం కంటే మోకాలి కింద తీసి పెట్టిన మంచి కృత్రిమ కాలుతో మనిషి బాగా నడవొచ్చు. తొడ పైభాగంలో తీయాల్సి వస్తే ఆ లెక్క వేరు. అంత పైన కృత్రిమ కాలుతో నడక చాలా శ్రమ. "కాలు ఉంచారా?" అని గర్వంగా అడిగే చుట్టాలకు ఈ తేడా తెలియదు.

ఇంకో సంగతి. నరం పోతే కాలు పోయినట్టేనని మేము అనుకున్నాం. కాదు. తొడ వెనక ఉండే పెద్ద నరం తీసేయాల్సి వచ్చినా పాదం వేలాడకుండా పట్టీ వేసుకుని నడిచేవాళ్లున్నారు. రక్తనాళం తీస్తే గొట్టం అతుకుతారు. కాబట్టి "నరానికి ఆనుకుని ఉంది, కాలు తీయాలి" అని ఒకచోట చెబితే, సార్కోమా ఆపరేషన్లు తరచూ చేసే ఇంకో సర్జన్ మాట విన్నాకే సంతకం పెట్టండి.

మూడో ఎంపిక: కరెంటు ముందా, తర్వాతా, అసలు వద్దా?

రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. షాక్ ఏమీ కొట్టదు. బల్ల మీద కదలకుండా పడుకోవాలి, మిషన్ చుట్టూ తిరుగుతుంది, పావుగంటలో అయిపోతుంది. రోజూ అదే చోట తగలడానికి చర్మం మీద చుక్కలు పెడతారు. మా బావ ఆ చుక్కలు చెరిగిపోతాయని ఐదు వారాలు తొడ మీద సబ్బు రాయలేదు.

ఐదు సెంటీమీటర్ల లోపు, పైపైన, మొదటి గ్రేడు, చుట్టూ మంచి కండతో సహా శుభ్రంగా వచ్చేసిన కణితి అయితే ఆపరేషన్ ఒక్కటే సరిపోవచ్చు, కరెంటు అవసరం రాకపోవచ్చు. పెద్దవి, లోతువి, గ్రేడు ఎక్కువవి అయితే కావాలి. అప్పుడు ముందా తర్వాతా అన్నది నిజమైన ఎంపిక. కెనడాలో 190 మందిని రెండు గుంపులుగా చేసి పోల్చారు, ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. కణితి తిరిగి రాకుండా ఆపడంలో రెండూ సమానమే. తేడా అంతా దుష్ఫలితాల్లో ఉంది.

| చూడాల్సింది | ఆపరేషన్‌కు ముందు | ఆపరేషన్ తర్వాత |
|---|---|---|
| మోతాదు (గ్రే అంటే రేడియేషన్ కొలత) | 50 గ్రే, 25 రోజులు, ఐదు వారాలు | 60 నుంచి 66 గ్రే, ఆరు నుంచి ఏడు వారాలు |
| కరెంటు తగిలే మేర | తక్కువ | మచ్చ, గొట్టం చిల్లు అన్నీ కలిపి ఎక్కువ |
| పుండు మానడంలో ఇబ్బంది | నూటికి 35 మందికి | నూటికి 17 మందికి |
| రెండేళ్లకు కండ గట్టిపడటం | నూటికి 32 మందికి | నూటికి 48 మందికి |
| మధ్యలో విరామం | నాలుగు నుంచి ఆరు వారాలాగి ఆపరేషన్ | పుండు పూర్తిగా మానాక మొదలు |

ముందు పెడితే ఇప్పటి బాధ, తర్వాత పెడితే ఎప్పటికీ ఉండే బాధ. పుండు ఆలస్యమైనా మానుతుంది. గట్టిపడిన తొడ, బిగుసుకున్న మోకాలు, వాపు మాత్రం అలాగే ఉండిపోతాయి. వెల్డింగ్ షాపులో గొంతుక్కూర్చుని లేవాల్సిన మనిషి కాబట్టి మా బావకు ముందే పెట్టారు. కుట్లు రెండు చోట్ల విడిపోయాయి, తొమ్మిది వారాలు డ్రెస్సింగ్ చేయించాం. ఆ తొమ్మిది వారాల్లో మా అక్క నన్ను తిట్టని రోజు లేదు, ఎందుకంటే "ముందే పెట్టిద్దాం" అని ఊపింది నేను. ఇప్పుడు మోకాలు పూర్తిగా మడుస్తున్నాడు.

అదే షుగర్ అదుపులో లేని డెబ్బై ఏళ్ల మనిషైతే, పొగ మానలేని మనిషైతే, పాడేరు అవతల కొండ మీద ఊళ్లో ఉండి డ్రెస్సింగ్‌కి వారానికి రెండుసార్లు కిందికి దిగలేని మనిషైతే, పుండు గురించి భయపడటంలో అర్థముంది. తర్వాత పెట్టడం గురించి డాక్టరుతో మాట్లాడండి. చేతికి వచ్చే కణితుల్లో పుండు సమస్య కాళ్లకంటే తక్కువ. రకం కూడా చూడాలి. మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే రకం కరెంటుకు బాగా కరుగుతుంది, దానికి ముందు పెట్టడం వైపే మొగ్గు. ఆ రకానికే ఇంకో బుద్ధి ఉంది, ఊపిరితిత్తుల్ని వదిలి వెన్నెముకలోకో వేరే కొవ్వులోకో పోతుంది. వెన్నెముకకు ఎమ్మారై తీశారో లేదో అడగండి.

కడుపు వెనక భాగంలో వచ్చే సార్కోమాలకు ఈ పట్టిక వర్తించదు. అక్కడ మొదటి ఆపరేషనే సర్వస్వం. ముందు కరెంటు పెడితే లాభముందేమోనని యూరప్‌లో చేసిన పోలికలో మొత్తం మీద లాభం కనబడలేదు.

నాలుగో ఎంపిక: కీమో

ఇక్కడ డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి రెండు చోట్ల రెండు మాటలు వింటే ఎవరో మోసం చేస్తున్నారని అనుకోకండి.

వాడేది ప్రధానంగా డాక్సోరూబిసిన్, ఐఫాస్ఫమైడ్. 2008లో 18 పోలికల్ని, 1,953 మందిని కలిపి లెక్క వేస్తే కీమో వల్ల చిన్న లాభం తేలింది, రెండు మందులూ కలిపి ఇచ్చినచోట కాస్త ఎక్కువ. 2012లో వచ్చిన యూరప్ పోలికలో 351 మందిలో ఆయుష్షుకు లాభమేమీ కనిపించలేదు. ఇటలీ వాళ్ల తర్వాతి పని చూశాక చాలామంది ఒక మధ్యస్థ మార్గంలోకి వచ్చారు. కణితి పెద్దది, లోతుది, మూడో గ్రేడు, కీమోకు లొంగే రకం, మనిషి గట్టిగా ఉన్నాడు అంటే ఆపరేషన్‌కు ముందు మూడు సైకిళ్లు, అంటే మూడు విడతలు. సైనోవియల్ సార్కోమా, మిక్సాయిడ్ లైపోసార్కోమా లొంగే రకాల్లోకి వస్తాయి. మొదటి గ్రేడు కణితులకు, అచ్చం మామూలు కొవ్వులాగే కనిపించే లైపోసార్కోమాకు కీమో వల్ల ఒరిగేది లేదు.

నలభై లోపు వయసు, పెద్ద కణితి, గుండె, కిడ్నీలు బాగున్నాయి అంటే కొద్ది లాభం కోసమైనా కష్టం పడటం సబబని నా అభిప్రాయం. అరవై ఐదు దాటి, బీపీ, షుగర్, కిడ్నీ అంతంతమాత్రం అంటే "వద్దు" అన్న డాక్టరు మాటలో నిర్లక్ష్యం లేదు, వివేకం ఉంది.

ఒప్పుకుంటే ఇవి తెలుసుకుని ఒప్పుకోండి. డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది, మర్నాడు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. గుండె మీద పనిచేస్తుంది కాబట్టి ముందు ఎకో అనే గుండె స్కాన్ తీస్తారు, జీవితం మొత్తానికి ఇంత మోతాదే అని హద్దుంటుంది. ఐఫాస్ఫమైడ్‌కు చాలాచోట్ల వార్డులో చేర్చుకుంటారు. మూత్రసంచి దెబ్బతినకుండా మెస్నా అనే మందు తోడుగా ఇస్తారు. మనిషి మాట తడబడినా, మత్తుగా, అయోమయంగా ఉన్నా నర్సుకు వెంటనే చెప్పాలి. పెళ్లికాని కుర్రాళ్లయితే వీర్యం దాచే సంగతి మొదటి సైకిల్‌కు ముందే మాట్లాడాలి. ఆడపిల్లలకు కూడా మార్గాలున్నాయి. ఇంట్లో పెద్దలు సిగ్గుపడి ఈ మాట ఎత్తరు. మీరు ఎత్తండి.

పిల్లల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమా, ఎముక పక్కన వచ్చే ఈవింగ్ సార్కోమా వేరే లెక్క. వాటికి కీమో తప్పనిసరి, అక్కడ ఎంపిక లేదు.

ఐదో ఎంపిక: వైజాగ్‌లోనా, బయటికా?

మూడు రకాల వాళ్లు ఈ ప్రశ్న అడుగుతారు. డబ్బు లేనివాళ్లు, డబ్బుండి నమ్మకం లేనివాళ్లు, వెంట వచ్చే మనిషి లేనివాళ్లు.

పదేళ్ల కిందటి పరిస్థితి ఇప్పుడు ఊళ్లో లేదు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది టాటా మెమోరియల్ సెంటర్ తాలూకు శాఖ, అణుశక్తి విభాగం కింద నడుస్తుంది. ఊరి మధ్యలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, శ్రీకాకుళం నుంచి ఒడిశా సరిహద్దు దాకా పేదవాళ్లకు పెద్దాసుపత్రి అదే. రేడియేషన్ మిషన్లున్న ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. కాబట్టి ప్రశ్న "వైజాగ్‌లో ఉందా?" అన్నది కాదు. సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు, స్లైడు చూసే పాథాలజిస్టు ఒకే గదిలో కూర్చుని మీ కేసు ఆపరేషన్‌కు ముందు మాట్లాడతారా? దాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. ఉంటే ఊళ్లోనే ఉండండి. "ముందు తీసేద్దాం, తర్వాత చూద్దాం" అంటే ఎంత పెద్ద భవనమైనా లేచి వచ్చేయండి.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఆసుపత్రులు ఉన్నాయి. భాష ఒకటే, వందే భారత్ ఎక్కితే పగలే చేరిపోవచ్చు, చుట్టాలుంటారు. వేలూరు సీఎంసీకి కాట్పాడిలో దిగాలి, తమిళం రాకపోయినా అక్కడ తెలుగుతో నెట్టుకురావచ్చు. ముంబై టాటాలో సార్కోమాలు రోజూ చూసే ప్రత్యేక బృందం ఉంది. దేశంలో అంత అనుభవం ఉన్నచోట్లు తక్కువ. కాని ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ రాత్రీ దాటే ప్రయాణం, ఆసుపత్రి ఉన్న పరేల్‌లో గది దొరకబుచ్చుకోవడం, హిందీ, లైన్లు. నడవలేని కాలుతో ఐదు వారాల కరెంటుకు అక్కడ ఉండటం అందరివల్లా కాదు.

అందుకే నా సలహా: ఊరు మారినా ఫర్వాలేదు, వరుస మారకూడదు. స్లైడ్లు, ప్లాన్ మాత్రం అనుభవం ఉన్నచోట చూపించండి, రోజువారీ చికిత్స ఇంటికి దగ్గర్లో పెట్టుకోండి. ఈ జబ్బులో స్లైడు రెండోసారి చూస్తే రకమో గ్రేడో మారడం అరుదేమీ కాదు. సైనోవియల్ సార్కోమాకు ఎస్‌ఎస్18 జన్యు పరీక్ష లాంటివి అన్ని ల్యాబుల్లో ఉండవు. స్లైడు డబ్బా ఒక్కటే రైలెక్కితే సరిపోయే పనికి మనిషిని ఈడ్చుకెళ్లక్కర్లేదు. మేము టిఫిన్ బాక్సులో దూది పరిచి పంపాం. ఇంటి నుంచే రిపోర్టులు ఎక్కించి టాటా నిపుణుల అభిప్రాయం తీసుకునే నవ్య అనే ఆన్‌లైన్ సేవ కూడా ఉంది. ఆపరేషన్ క్లిష్టమైతే, అంటే నరమో నాళమో చుట్టుకుని ఉంటే, లేదా కడుపు వెనక కణితి అయితే, అప్పుడు బయటికి వెళ్లడానికి ప్రయాసపడొచ్చు. కరెంటు, కీమో ఊళ్లో చేయించుకోవచ్చు.

డబ్బు సంగతి. బియ్యం కార్డున్న వాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కుర్చీ దగ్గర అడగాల్సింది "ఉందా" అని కాదు. "ఆపరేషన్, కరెంటు, కీమో మూడూ ఇక్కడే కార్డు మీద అవుతాయా, స్కాన్లు ఎవరు కట్టాలి" అని అడగండి. రాష్ట్రం దాటితే కార్డు అన్నిచోట్లా చెల్లదు, టికెట్ తీసేముందే కనుక్కోండి. స్టీల్‌ప్లాంటు, పోర్టు, రైల్వే, నేవీ, ఈఎస్‌ఐ వాళ్లయితే రిఫరల్ కాగితం ముందు, ప్రయాణం తర్వాత. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ పూర్తి ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. ఆసుపత్రి సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం, సీలు ఉండాలి. సీలు లేదని మమ్మల్ని ఒకసారి కౌంటర్ నుంచి తిప్పి పంపారు.

ఎంతమంది బాగుపడతారు?

అమెరికా లెక్కల్లో మెత్తటి కణజాల సార్కోమా పుట్టిన చోటే ఉండగా దొరికితే నూటికి దాదాపు 80 మంది ఐదేళ్లు దాటుతున్నారు. పక్కకు పాకితే 60కి అటూఇటూ. దూరానికి పాకితే 15 నుంచి 20 మధ్య. ఇవి అన్ని రకాల్నీ కలిపిన సగటులు. చిన్న మొదటి గ్రేడు గడ్డ ఉన్నవాళ్లు దీనికంటే చాలా మెరుగు. పెద్దది, లోతుది, మూడో గ్రేడు అయితే తర్వాత ఎప్పుడో ఊపిరితిత్తుల్లో కనిపించే ప్రమాదం సగానికి దగ్గరగా ఉంటుంది. మిలాన్ డాక్టర్లు తయారుచేసిన సార్కులేటర్ అనే ఉచిత యాప్ ఉంది. వయసు, సైజు, రకం, గ్రేడు ఇస్తే అంకె చెబుతుంది. దాన్ని మీ డాక్టరు చేత నొక్కించుకోండి. నేను రాత్రి ఒంటిగంటకు ఒక్కణ్ణే నొక్కి, తెల్లారేదాకా డాబా మీద తిరిగాను.

ఊపిరితిత్తుల్లోకి పాకినా రెండు దారులున్నాయి. మచ్చలు కొద్దిగా ఉండి, చికిత్స అయ్యాక చాలాకాలానికి వస్తే, వాటిని కోసి తీసేస్తారు. అలా ఎంపిక చేసిన వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి బాగుంటారు. చాలా ఉంటే కీమో. ఇక్కడ మళ్లీ ఎంపిక వస్తుంది, ఒక మందా, రెండా? యూరప్ పోలికలో డాక్సోరూబిసిన్ ఒక్కటే ఇస్తే కణితి తగ్గినవాళ్లు నూటికి 14, ఐఫాస్ఫమైడ్ కలిపితే 26. ఆయుష్షు సగటున 12.8 నెలలు, 14.3 నెలలు, అంటే దాదాపు ఒకటే. ఆయాసం, నొప్పి ఉండి కణితి త్వరగా తగ్గాల్సిన వాళ్లకు రెండూ కలిపి. లక్షణాలు లేనివాళ్లకు ఒకటే, ఇంట్లో గడిపే రోజులు మిగులుతాయి. తర్వాత పజోపనిబ్ మాత్రలు, ట్రాబెక్టెడిన్, ఎరిబ్యులిన్ లాంటివి రకాన్ని బట్టి. నొప్పి తగ్గించే డాక్టర్ని చివరికి కాదు, ఈ దశ మొదట్లోనే కలవండి.

చికిత్స అయ్యాక మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. ప్రతిసారీ మచ్చ తడిమి చూస్తారు, ఛాతీకి ఎక్స్‌రేనో సీటీనో తీస్తారు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. సైనోవియల్ సార్కోమా మాత్రం పదేళ్ల తర్వాత కూడా వచ్చిన సందర్భాలున్నాయి, కాబట్టి ఐదేళ్లకు ఫైలు అటక మీద పెట్టేయొద్దు. బావ ప్రతి నెలా మొదటి ఆదివారం తలస్నానానికి ముందు తొడ తడుముకుంటాడు. మొదట అక్క చూస్తుంది, తర్వాత ఆయన. ఈ ఆగస్టుకు నాలుగో ఏడు. వచ్చే సీటీకి తేదీ రాసిన చీటీ షాపులో క్యాలెండర్ పక్కన మేకుకు గుచ్చి ఉంది.